చింకిగుడ్డల విలువ

తండ్రి చేతిపనిని చెప్పుకొనుటకు సిగ్గుపడు విద్యార్థులు మా తరగతులలో కలరు. వారికొక కుటుంబ చరిత్రను వినిపించదలచితిమి.

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రమున, డాల్టన్‌లో, జీనాస్ క్రేన్ 1801లో కాగితపు మిల్లు స్థాపించెను. చింకిగుడ్డలు పారవేయక తమకిమ్మని పత్రికాముఖమున గృహిణులను అర్థించెను; అందుకు సిగ్గుపడలేదు. గుడ్డలతో కాగితము చేయు ఆ విద్యతోనే ఆయన మనుమడు విన్‌త్రప్ మరే క్రేన్ 1879లో ఆ దేశపు నోట్ల కాగితము చేయు కాంట్రాక్టును సంపాదించెను. నేటికిని ఆ నోట్ల కాగితములో ప్రత్తి 75 పాళ్ళు, నారబట్ట నూలు 25 పాళ్ళు.

2018లో ఆ నోట్ల వ్యాపారమును క్రేన్ కంపెనీ అను వేరొక సంస్థ కొనెను. పేరొక్కటే గాని బంధుత్వము లేదు. యాజమాన్యము మారినను పని ఆగలేదు.

వంశము పేరు కన్న నేర్చిన పనియే నిలుచునని మా అభిప్రాయము. పట్టాతోపాటు చేతిపనికిని ఒక తరగతి తెరువవలెనని కళాశాల కమిటీవారిని కోరుచున్నాము.