చంద్రగిరికి ఒక గైడు కావలెను

ఈ పది పదిహేనేండ్లుగా మన పాకాల, పీలేరు, దామలచెరువు ప్రాంతముల నుండి యూరపు ఖండమునకు పోయి వచ్చువారు ఎక్కువైనారు. జర్మనీలో చదువుకొనుచున్న కుమారునో, బ్రిటనులో ఉద్యోగము చేయుచున్న కుమార్తెనో చూచుటకు వెళ్ళిన తల్లిదండ్రులు అక్కడి పాత నగరములను కూడ చూచి వచ్చుచున్నారు. తిరిగి వచ్చిన తరువాత వారు మురిసిపోవుచు చెప్పు మాట ఒకటి ఉన్నది. తమ కుటుంబము కొరకే ఒక గైడును మాట్లాడుకొన్నారట. మూడు గంటలు కాలినడకన ఆయన పాత ఊరంతయు తిప్పి, ఒక్కొక్క గోడ ముందు నిలిపి కథ చెప్పినాడట.

ఈ మాట విని ఎగతాళి చేయువారున్నారు. రాళ్ళను చూచుటకు అంత డబ్బా, అందులో దారి చూపువానికి వేరుగా కూలియా అని వారి ప్రశ్న. నా అభిప్రాయము దీనికి పూర్తిగా వ్యతిరేకము. ఆ ప్రయాణములో పెట్టిన ఖర్చులన్నింటిలో గైడునకు ఇచ్చిన సొమ్మే సద్వినియోగమైనది. నాకు వింతగా తోచునది మరొకటి. అక్కడ గైడు లేనిదే అడుగు వేయని మనవారే, పాకాలకు సుమారు 30 కిలోమీటర్ల దూరములో ఉన్న చంద్రగిరి కోటకు వెళ్ళినపుడు అరగంటలో చుట్టివచ్చి, రాజమహలు ముందు ఫొటో తీసుకొని, తిరుపతి బస్సు ఎక్కుచున్నారు. రైలులో పోవునపుడు కిటికీలోనుండి ఆ కొండను చూచి ఊరకొనువారు అంతకంటె ఎక్కువ.

పాశ్చాత్య దేశములలో ఈ నడక ఇంతగా పండుటకు కారణము అక్కడి రాళ్ళ గొప్పతనము కాదు. అక్కడ ఊరు చూపుట ఒక విద్యగా నిలబడినది. ఆస్ట్రియా రాజధాని వియన్నాలో పరీక్షలో నెగ్గి అనుమతి పొందినవాడే గైడుగా పనిచేయవలెను. లండనులో నీలి బిళ్ళ ధరించు గైడులకు దీర్ఘమైన శిక్షణ, కఠినమైన పరీక్షలు ఉన్నవి. చరిత్ర, కట్టడముల శిల్పము, వినువారి ఓపికను గుర్తించు నేర్పు, ఇవన్నియు అక్కడ పరీక్షింపబడును. మనవద్ద గైడనగానే గుడి ముందు వెంటబడువాడు గుర్తుకు వచ్చును. ఆ తేడా మనిషిలో లేదు, అతనికి మనమిచ్చిన శిక్షణలోను గౌరవములోను ఉన్నది.

ఉర్దూ విద్యార్థులకు ఇక్బాలు వ్రాసిన 'మస్జిదె కుర్తుబా' పరిచితమే. ఆ కుర్తుబా నేటి స్పెయిను దేశములోని కార్డోబా నగరము. ఇక్బాలు 1933 లో ఆ మసీదును దర్శించినాడు. దానిని 8వ శతాబ్దిలో మొదటి అబ్దుర్రహమాను ఆరంభించినాడు. 1236 లో నగరము క్రైస్తవ రాజుల వశమైనపుడు అది చర్చిగా మారినది. 16వ శతాబ్దిలో ఆ స్తంభముల నడుమనే పెద్ద ప్రార్థనాలయమును లేపినారు. నేటికిని 850 కి పైగా స్తంభములు నిలిచి ఉన్నవి. దాని పక్క సందులలోనికి పోయినచో యూదుల పేట. ఆ నగరములోనే 12వ శతాబ్దిలో తత్త్వవేత్త ఇబ్న్ రుష్ద్, యూదు పండితుడు మైమోనిడీస్ పుట్టినారు. మూడు మతముల వారు తమదియని చెప్పుకొను ఆ సందులలో మూడు మతముల యాత్రికులను వెంటబెట్టుకొని నడచు గైడు పని ఎంత కష్టమో ఆలోచింపుడు. ఒకరిని మెప్పించుటకు మరొకరిని కించపరచినచో వాని బ్రతుకు తెరువే పోవును. కట్టినవానిని, ఆక్రమించినవానిని, మార్చినవానిని, కాపాడినవానిని అందరిని పేరుపేరున చెప్పి, తీర్పును వినువారికి విడిచిపెట్టుట అతని వృత్తిధర్మము. చంద్రగిరికి అటువంటి గైడే కావలెనని నేననుట.

నడచి చూచుట, చూచినది వ్రాయుట మన రెండు భాషలకును కొత్త కాదు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా ఉన్న ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో బయలుదేరి, తిరుపతి, కడప, హైదరాబాదుల మీదుగా కాశికి పోయి, 1831 సెప్టెంబరులో ఇల్లు చేరినాడు. ఏ మజిలీలో నీళ్ళున్నవి, ఏ ఊరిలో అంగడి ఉన్నది, దారి ఎటువంటిది అని ఆయన వ్రాసిపెట్టిన 'కాశీయాత్ర చరిత్ర' 1838 లో అచ్చయినది. హైదరాబాదులో పుట్టిన యూసుఫ్ ఖాన్ కంబల్‌పోష్ 1837 లో లండను చేరి, ఆ నగరపు వీధులను, నాటకశాలలను, మనుష్యులను చూచి ఉర్దూలో వ్రాసిన గ్రంథము 1847 లో ఢిల్లీలో వెలువడినది. ఉర్దూలో తొలి యాత్రాగ్రంథముగా దానిని చెప్పుదురు. ఒకే దశాబ్దిలో ఇద్దరు ప్రయాణించినారు, ఒకరు కాశికి, ఒకరు లండనుకు. ఈ రెండు గ్రంథములును మన గ్రంథాలయములో పక్కపక్కన ఉండవలసినవి.

ఇక చంద్రగిరిని గూర్చి. స్వర్ణముఖి తీరమున, సుమారు 180 మీటర్ల ఎత్తున్న బండకొండను ఆనుకొని కోట ఉన్నది. సాళువ నరసింహుడు విజయనగర సింహాసనమును 1485 లో అధిష్ఠించుటకు ముందు ఇక్కడనుండియే ఏలినాడు. తళ్లికోట యుద్ధము తరువాత రాజధాని పెనుగొండకు, అక్కడనుండి రెండవ వేంకటపతిరాయల కాలములో చంద్రగిరికి మారినది. ఆ రాయల కొలువుకు 1598 లో జెస్యూటు ఫాదరీలు వచ్చినారు. వారు ఈ కొలువును గూర్చి యూరపునకు లేఖలు వ్రాసినారు. కనుక నాలుగువందల యేండ్ల క్రిందట యూరపువారే మన ఊరు చూచుటకు వచ్చి, వింతపడి, వ్రాసుకొన్నారు. నేడు మనము ప్రాగ్ నగరపు వంతెన మీద నిలిచి నోరు తెరచుటలో తప్పు లేదు గాని, ఈ సంగతి తెలిసి తెరచిన బాగుండును.

రాజమహలు ముందు నిలిచినవానికి మంచి గైడు మొదట చూపవలసినది గోడ. మూడంతస్తుల ఆ భవనము రాయి, ఇటుక, సున్నములతోనే లేచినది. అంతస్తులు మోయుటకు కలప వాడలేదు. తరువాత కన్నులను క్రిందినుండి పైకి నడపవలెను. ముందు భాగములో వరుసగా కమానులు, సుల్తానుల కట్టడములలో కనబడునటువంటివి. కప్పు మీద గోపురములు, దేవాలయ విమానములను తలపించునవి. ఒకే గోడ మీద రెండు సంప్రదాయములు కలిసినవి. కట్టించినవాడు హిందూరాజు, గోల్కొండతో, బీజాపూరుతో తరతరములుగా పోరాడిన వంశముల వారసుడు. అయినను వారి కమాను అందముగా ఉన్నదని తోచినపుడు దానిని తన ఇంటికి తెచ్చుకొనుటకు అతడు సంకోచింపలేదు. ఈ ఒక్క గోడ ముందు పావుగంట నిలిచిన విద్యార్థి పాఠ్యపుస్తకములోని 'సమ్మిశ్ర సంస్కృతి' అను పదమును మరల బట్టీ పట్టనక్కరలేదు. పక్కనున్న రెండంతస్తుల రాణిమహలును, శిథిలాలయములను, రాజమహలులోని పురావస్తు శాఖ వారి మ్యూజియములో ఉన్న విగ్రహములను అటుపై చూడవచ్చును.

గైడు లేనందున వచ్చు నష్టము వేరు. చెడ్డ గైడు వలన వచ్చు నష్టము వేరు. రెండవది ఎక్కువ ప్రమాదకరమని నా నమ్మకము. తిరుమలలో స్వామికి నైవేద్యము ముగియగానే ఘంటానాదము మండపము నుండి మండపమునకు అందుచు చంద్రగిరికి చేరెడిదని, అది విన్న తరువాతనే రాయలవారు భోజనమునకు కూర్చుండెడివారని ఒక కథ ఉన్నది. ఎంత చక్కని కథ! దానిని తప్పక చెప్పవలెను, కథయని చెప్పి మరీ చెప్పవలెను. అట్లే, మద్రాసును ఇంగ్లీషువారికి ఇచ్చిన పత్రము మీద ఈ మహలులోనే సంతకమైనదని చూపుడు వ్రేలితో గది చూపువారున్నారు. 1639 లో ఇంగ్లీషువారికి ఆ తీరమును ఇచ్చినవాడు చంద్రగిరి రాయల క్రింద పాలించుచున్న దామెర్ల నాయకుడు. 1645 లో దానిని స్థిరపరచినవాడు మూడవ శ్రీరంగరాయలు. ఈ రెండు అడుగులు వివరించినచో, దొరల కంపెనీ ఒక నాయకుని అనుమతితో కాలుపెట్టి, రాజు ముద్రతో కాలూనిన తీరు పిల్లలకు అర్థమగును. గది చూపి ఊరకొన్నచో ఫొటో మాత్రమే మిగులును.

ఆపై సంగతులే అసలైన పరీక్ష. 1646 లో గోల్కొండ సేనలు కోటను పట్టుకొన్నవి. తరువాతి శతాబ్దిలో ఇది ఆర్కాటు నవాబుల చేతికి వచ్చినది. 1758 నాటికి నవాబు సోదరుడు అబ్దుల్ వహాబ్ ఖాను కోటను ఏలుచు, తిరుపతి క్షేత్రమునకు రక్షకుడుగా నిలిచినాడు. 1782 లో హైదరాలీ కోటను గెలిచినాడు. అదే సంవత్సరము డిసెంబరు 7 న చిత్తూరు సమీపమున నరసింగరాయనిపేట దండులో మరణించినాడు. 1792 సంధి వరకు చంద్రగిరి మైసూరు క్రిందనే ఉన్నది. ఈ కథను ఒక గైడు 'వారు వచ్చి మనలను కొల్లగొట్టినారు' అని చెప్పగలడు. మరొక గైడు 'నవాబులు భక్తితో గుడిని కాపాడినారు' అని తీపిగా చెప్పగలడు. రెండును సగము సత్యములే. రక్షణ నిజము, క్షేత్రము నుండి వచ్చు ఆదాయము మీద నవాబులకు ఉన్న ఆసక్తియు నిజమే. ఆ ఆదాయమును వారు కంపెనీకి అప్పుల క్రింద ఒప్పగించినారు. దేవాలయ నిర్వహణను కంపెనీ 1843 వరకు విడువలేదు, ఆ పిమ్మటనే హథీరాంజీ మఠము మహంతులకు అప్పగించినది. నవాబుకును కంపెనీకిని స్వామి సన్నిధి మీద ఉన్న శ్రద్ధలో హుండీ భాగమెంతయో విద్యార్థులు లెక్క వేసుకొందురు గాక.

ఒకే బెంచీ మీద కూర్చున్న ఇద్దరు మిత్రులు ఇటువంటి కోటకు కలిసి పోయి, చెడ్డ గైడు మాటలు విని, తిరుగు రైలులో వేరువేరు పెట్టెలలో కూర్చుండు పరిస్థితి రాకూడదు. మన కళాశాల వంటి రెండు భాషల కళాశాలకు ఇది పుస్తకములలోని సమస్య కాదు.

కళాశాల కమిటీ పెద్దలకు నా మనవి ఇది. విహారయాత్రయనగానే మూడు దినములలో ఐదు ఊళ్ళు, రాత్రులు బస్సులో నిద్ర, పగలు దిగి ఎక్కుట, ఇదే పద్ధతియైనది. తిరిగి వచ్చిన విద్యార్థిని ఏమి చూచితివని అడిగినచో హోటలు పేరు చెప్పును. దానికి బదులు ఒక పూట, ఒక కోట, ఒక గైడు. ప్రైవేటు గైడు ధనవంతుల భోగమని ఆక్షేపింతురేమో. కుటుంబమునకు ఒక గైడైనచో ఖర్చే. పదిహేనుమంది విద్యార్థుల జట్టుకు ఒకరైనచో తలకు పడునది బస్సు కిరాయిలో చిన్న భాగము. పదిహేనుకు మించినచో వెనుకవారికి మాట వినబడదు, వినబడనివారు కోతులకు శనగలు వేయుటలో మునిగిపోవుదురు.

తగిన గైడు దొరకడనుట రెండవ ఆక్షేపణ. ఇది బలమైనదే. అయితే గైడులు ఆకాశము నుండి ఊడిపడరు. కేంద్ర పర్యాటక శాఖ 2020 లో అంతర్జాలము ద్వారా టూరిస్ట్ ఫెసిలిటేటరు శిక్షణను ఆరంభించినది. డిగ్రీ ముగించి పని కొరకు ఎదురుచూచుచున్న మన విద్యార్థులలో తెలుగు, ఉర్దూ రెండును ధారాళముగా మాట్లాడువారు ఉన్నారు, కొంత తమిళము వచ్చినవారును ఉన్నారు. ఏటేట లక్షల యాత్రికులు వచ్చు తిరుపతికి గడప వంటి చోట ఈ మూడు భాషలు తెలిసినవాడు, చరిత్రను కల్తీ లేక చెప్పగలవాడు, పని లేక ఉండుట మన తెలివితక్కువ. హైదరాబాదులో చార్మినారు పరిసరములలో వారసత్వ నడకలు నడపబడినవి. విన్నవారు డబ్బు చెల్లించియే విన్నారు. మన వైపున గుర్రంకొండ ఉన్నది; అక్కడి కొండకోట, క్రింద టిప్పు మేనమామ మీర్ రజా అలీ ఖాను సమాధి చెప్పించుకొనవలసిన కథలే.

మొదట చేయవలసినది చిన్న పని. చరిత్ర శాఖ అధ్యాపకుల పర్యవేక్షణలో ఇద్దరు విద్యార్థులు, తెలుగులో ఒకరు ఉర్దూలో ఒకరు, చంద్రగిరి నడకకు నాలుగేసి పుటల పాఠము వ్రాయవలెను. తెలిసిన సంవత్సరములు ఒక సిరాతో, కథలు మరొక సిరాతో వ్రాసినచో మంచిది. ఆ పాఠము చేతబట్టుకొని మొదటి జట్టు జనవరిలో, ఎండలు ముదరక ముందే, ఉదయపు రైలుకు పోవచ్చును. మంచినీళ్ళు, టోపీ మరువరాదు; బండ మీద నీడ లేదు. శుక్రవారము మాత్రము వద్దు. ఆనాడు మ్యూజియమునకు సెలవు, మనలో సగము మందికి జుమా నమాజు.