వర దింపేలోపే ఊట

మరుగుదొడ్లకు గుంటలు తవ్వి సిమెంటు వరలు దింపడం నా పని. ముప్పై ఏళ్లుగా బందరు నుంచి మంగినపూడి దాకా ఉన్న ఊళ్లలో ఇదే చేస్తున్నాను. మెరక ఊళ్లలో ఆరో వర దిగేదాకా గునపానికి తడి తగలదు. ఇక్కడ వానాకాలంలో మోకాటిలోతు తవ్వేసరికే ఊట. ఒకడు బకెట్టుతో తోడిపోస్తుంటే ఇంకొకడు వర దింపాలి. పని పూర్తయ్యాక ఇంటావిడ సంతోషంగా కూలి చేతిలో పెడుతుంది. ఆ గుంటలో పడేదంతా ఊటలోకే పోతుందని తెలిసి కట్టినందుకు నాకు మాత్రం మనసు చివుక్కుమంటుంది.

2014లో స్వచ్ఛ భారత్ వచ్చాక జంట గుంటల దొడ్లు చాలా కట్టాం. ఆలోచన మంచిదే. ఒకటి నిండితే రెండోది వాడుకోవచ్చు. మూసిన గుంటలోది కాలక్రమంలో ఎరువవుతుంది. నీళ్లు మట్టిలోకి ఇంకుతాయి, ఆ మట్టే జల్లెడలా పనిచేస్తుంది. అందుకే గుంట అడుగుకూ భూగర్భజలానికీ మధ్య కనీసం 2 మీటర్ల నేల ఉండాలంటారు. మంగినపూడిలో ఆ 2 మీటర్లు ఎక్కడి నుంచి తేవాలి?

‘ఇక్కడి ఊటనీళ్లు ఉప్పన, ఎవరూ తాగరు, ఏమవుతుందిలే’ అనేవాళ్లున్నారు. కానీ ఊట కదలకుండా ఉండదు. డ్రెయిన్లలోకి ఊరుతుంది, అక్కడి నుంచి ఉప్పుటేటికి చేరుతుంది. పాటుకు సముద్రంలోకి దిగుతుంది, పోటుకు వెనక్కి ఎక్కుతుంది. ఆ ఏటిగట్ల మీదే మడ చెట్లున్నాయి. మన పీతలు, రొయ్యపిల్లలు పెరిగేది ఆ వేళ్ల నీడనే. ఈ తీరాన 194 చదరపు కిలోమీటర్లకు పైగా ఉన్న కృష్ణా అభయారణ్యంలో నీటిపిల్లి బతికేది ఆ చేపల మీదే. వేటకు వెళ్లేవాడి కూడూ అక్కడిదే.

నాలుగేళ్ల కిందట తుపాను వానకు ఒక ఇంట్లో గుంట నిండి దొడ్డిలోకి పైకి తన్నింది. ట్యాంకరు బండిని పిలిపించారు. ఎక్కడ పోస్తాడో చూద్దామని వెనకాలే వెళ్లాను. ఊరు దాటాక డ్రెయిను గట్టున ఆపి గొట్టం వదిలాడు. ‘ఇదేం పని?’ అన్నాను. ‘మరి ఎక్కడ పోయమంటావు బాబాయ్?’ అన్నాడు. నాకు మాట రాలేదు.

శుద్ధి చేయని మురుగును తీరంలో వదలకూడదని 2019 నాటి తీరప్రాంత నియంత్రణ నోటిఫికేషన్ చెబుతోంది. అయితే వద్దన్నవాళ్లు వేరే దారి కూడా చూపించాలి. గోదావరి డెల్టాలో సముద్రానికి దగ్గరగా ఉన్న నరసాపురంలో బండ్లు తెచ్చిన మలాన్ని శుద్ధి చేసే కేంద్రం కట్టారు. ఒడ్డు ఊళ్లకు అది కుదిరే పనేనని తేలింది కదా.

నేను అడిగేవి మూడు. ఒడ్డు ఊళ్లలో అడుగులేని వరలు ఆపి, అడుగు మూసిన ట్యాంకులు ముంపుకు అందని ఎత్తున కట్టించాలి. వరలకంటే అవి ఖరీదు. ఆ తేడా కూలి చేసుకునే ఇంటి మీద పడకుండా ప్రభుత్వం భరించాలి. రెండోది, ఇంటింటి ట్యాంకూ నిండి పొంగేదాకా ఆగకుండా, వంతులవారీగా బండి రావాలి, అది వెళ్లి పోయడానికి దగ్గర్లో శుద్ధి కేంద్రం ఉండాలి. మూడోది వాడుక నీళ్ల సంగతి. జల్ జీవన్ మిషన్ మనిషికి రోజుకు 55 లీటర్లు ఇస్తామంటోంది. కుళాయి నీళ్లు పెరిగితే మురుగూ పెరుగుతుంది. ఆ నీళ్లను డ్రెయిన్లో కలిపేముందు, జమ్ము నాటిన కంకర మడి గుండా నడిపించాలి. వేళ్లకూ కంకరకూ పట్టిన సూక్ష్మజీవులు మురికిని తినేస్తాయి. దానికి కరెంటు ఖర్చు ఉండదు.

2023 మేలో తపసిపూడి దగ్గర పోర్టు పనులు మొదలయ్యాయి. జనం ఇంకా పెరుగుతారు. కార్తీక పౌర్ణమికి ఎక్కడెక్కడి నుంచో వచ్చి మంగినపూడిలో సముద్రస్నానం చేస్తారు. జిల్లా అధికారులకూ పంచాయతీ పెద్దలకూ నా మనవి ఒక్కటే. ఆ బండి అబ్బాయికి చెప్పడానికి నాకొక చోటు చూపించండి.