భయంలోనూ వీడని చేయి

వరాహ నది ఒడ్డునున్న ఏటికొప్పాకలో లక్కబొమ్మ రూపుదిద్దుకునే తీరు చూడదగినది. తరిమెనపై గిరగిర తిరిగే అంకుడు కొయ్యకు రంగు కలిపిన లక్కను కళాకారుడు అదిమి పడతాడు. ఒరిపిడిలో పుట్టే వేడికి లక్క కరిగి కొయ్యను అంటుకుంటుంది. ఒరిపిడి లేనిదే రంగు పట్టదు. కష్టమూ అటువంటిదేనని పెద్దలంటారు. కాని కొయ్యకు నొప్పి తెలియదు. మనిషికి తెలుస్తుంది, భయమూ కలుగుతుంది. మరి భయపడినవాడు భక్తుడు కాడా?

పోతనామాత్యుని భాగవతంలో గజేంద్రుడు వేయేళ్లు స్వశక్తిని నమ్మి మకరితో పోరాడాడు. బలం సన్నగిల్లాక ప్రాణభయంతోనే మొరపెట్టాడు. ఆ మొరలో సందేహమూ తొంగిచూసింది. శ్రీహరి దానిని తప్పుగా ఎంచలేదు, పరుగున వచ్చాడు.

మన క్రైస్తవ సోదరులు స్మరించే గెత్సేమనే తోట వృత్తాంతమూ ఆలోచింపదగినది. సిలువ మరణానికి ముందు రాత్రి యేసు తీవ్ర వేదనతో, ఆ కష్టాన్ని తననుండి తొలగించమని తండ్రిని వేడుకున్నాడు. చివరకు తండ్రి చిత్తమే నెరవేరాలని తలవంచాడు. సిలువ తప్పలేదు. పునరుత్థానంపై క్రైస్తవుల విశ్వాసం ఆ సిలువను దాటి వచ్చినదే గాని, తప్పించుకుని వచ్చినది కాదు.

మొర వినిన తక్షణమే గజేంద్రునికి రక్షణ లభించింది. గోల్కొండ చెరలో భక్త రామదాసు ఏళ్ల తరబడి నిరీక్షించవలసి వచ్చింది. యేసుకు ఆ కష్టమే తప్పలేదు. ఫలం వేరైనా శరణాగతి ఒక్కటే. కష్టం తొలగితేనే దేవుడున్నాడనుకోవడం బేరం. తొలగకున్నా ఆయన చేయి వీడకపోవడం విశ్వాసం.

అలాగని చేతులు ముడుచుకుని కూర్చోవడం శరణాగతి కాదు. రసాయన రంగుల వల్ల ఏటికొప్పాక బొమ్మకు గడ్డుకాలం దాపురించినప్పుడు సి.వి. రాజు, అక్కడి కళాకారులు ఆకులు, బెరడు, గింజల నుంచి రంగులు తీసే విద్యకు మళ్లీ ప్రాణం పోశారు. 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు, 2023లో రాజు గారికి పద్మశ్రీ లభించాయి. అయితే గుర్తింపు వస్తుందన్న హామీ ఏదీ వారికి ముందుగా లేదు. పని మాత్రమే ఉంది.

వ్యాధి, అప్పు, బిడ్డల భవిష్యత్తు... ఏ భయాన్నీ భగవంతుని వద్ద దాచనక్కరలేదు. సంధ్యాదీపం వెలిగించి, దానిని ఉన్నది ఉన్నట్టు విన్నవించుకుందాం. తెల్లవారి లేచి మన పని మనం చేద్దాం. ఆ రెండూ కలిసిననాడే భక్తి సంపూర్ణమవుతుంది.