అవ్వకూ ఒక ముక్క

పోయిన సంచికలో పండగ వంటల మీద ఒక అక్క రాసిన వ్యాసం చదివాను. బాగా రాసింది. కానీ "కేకులు మన తిండి కాదు, ఉత్త ఫ్యాషన్" అన్న మాట దగ్గర నాకు పేచీ ఉంది.

మాది పావగడ. కర్ణాటకలో ఉన్నా ఇంట్లోనూ సంతలోనూ తెలుగే. వానను నమ్ముకున్న చెనిక్కాయ పంట మాది. మా అవ్వ చిన్నప్పటి నుంచి చెనిక్కాయలు పీకింది, విత్తనానికి ఒలిచింది. ఇప్పుడు ఆమె నోట్లో నాలుగు పళ్ళు కూడా లేవు. కట్టించిన పళ్ళు నొప్పి అని తీసి డబ్బాలో పెట్టేసింది. పండగ రోజు మేమంతా చెనిక్కాయ ఉండలు కొరుకుతుంటే "నాకు ఆకలి లేదు, మీరు తినండి" అని లేచి పోతుంది. ఆకలి లేక కాదని ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరమూ నోరెత్తం. మన తిండి అని మనం మెచ్చుకునే పళ్ళెంలో ఆమె తినగలిగేది ఏముంది?

దీపావళికి ఊరికి పోయినప్పుడు అరటిపండు, పీనట్ బటర్ కేక్ చేద్దామనుకున్నాను. అంగట్లో సీసా ధర చూసి మళ్ళీ అలమరలోనే పెట్టేశాను. ఎనక చదివితే వేయించిన చెనిక్కాయలు, చక్కెర, ఉప్పు, నూనె పైకి తేలకుండా ఏదో కొవ్వు. మొదటిది మా ఇంట్లో మూటల్లో ఉంది. మూటల్లో అమ్మేసి సీసాల్లో కొనుక్కోవడం ఏం లెక్క?

ఇంట్లోనే చేశాను. ముందు గింజలు ఏరాలి. బూజు పట్టినవి, నల్లబడినవి, ముడుచుకుపోయినవి పారేయాల్సిందే. బూజులో అఫ్లటాక్సిన్ అనే విషం ఉండొచ్చు, వేయించినా అది పూర్తిగా పోదు, నూరేశాక కంటికీ కనబడదు. తర్వాత సన్నటి మంట మీద వేయించి, పొట్టు నలిపి, చేటతో చెరిగాను. మిక్సీలో వేస్తే మొదట పొడి అవుతుంది, తర్వాత ముద్ద కడుతుంది. చెడిపోయిందని ఇక్కడే చాలామంది ఆపేస్తారు. ఆగి ఆగి ఇంకాస్త తిప్పితే నూనె వదిలి జారుగా వస్తుంది. గింజ బరువులో దాదాపు సగం నూనే కాబట్టి కేకులో వేరే వెన్న పనిలేదు.

తొక్క నల్లబడిన అరటిపండ్లు రెండు మెదిపి, అర కప్పు ఈ ముద్ద, ముప్పావు కప్పు బెల్లం పొడి, పావు కప్పు పెరుగు కలిపాను. ఒక కప్పు గోధుమపిండి, చెంచా బేకింగ్ పౌడర్, చిటికెడు ఉప్పు వేసి, పాలతో కొంచెం జారు చేశాను. మా ఇంట్లో ఓవెన్ లేదు. కుక్కర్ అడుగున ఉప్పు పోసి, గ్యాస్కెట్, విజిల్ తీసేసి, పది నిమిషాలు వేడి చేసి గిన్నె లోపల పెట్టాను. సన్న మంట మీద ముక్కాలు గంట. మొదటిసారి ఆత్రంగా ఇరవై నిమిషాలకే మూత తీశాను, నడుమ గుంట పడింది. దాన్ని తమ్ముడు తిన్నాడు.

"ఇది చెనిక్కాయ వెన్న అవ్వా" అంటే పగలబడి నవ్వింది. "చెనిక్కాయకు వెన్న యాడిదిమే? వెన్న ఎనుముది గదా!" రెండో కేకు ముక్క చేతిలో పెడితే మాత్రం నవ్వలేదు. చిగుళ్ళతో మెల్లగా నలుపుకుంటూ మొత్తం తినింది. మాతో పాటు కూర్చునే తినింది.

ఇంత చెప్పినా ఇది పరాయిదే అంటారా? చెనిక్కాయ కూడా దక్షిణ అమెరికా నుంచి వచ్చిందే, మిరపకాయా ఆ ఖండాల నుంచి వచ్చిందే. వాటిని వదులుకుందామా? 1890లలో అమెరికాలోని బ్యాటిల్ క్రీక్‌లో డాక్టర్ జాన్ హార్వీ కెల్లాగ్ గింజల వెన్నను తన శానిటోరియంలో రోగులకు పెట్టేవాడు. అంటే మొదట్లోనే ఇది మెత్తటి తిండి కావలసినవాళ్ళ పళ్ళెంలోకి చేరింది.

ఉండలు వద్దనడం లేదు, నేను రోజుకు నాలుగు తింటాను. అవ్వ తినగలిగేది పక్కన ఒకటి ఉండాలంటున్నాను, అంతే. సంక్రాంతికి యాలకులు కూడా వెయ్యమని ఆమె ఇప్పటికే ఫోన్లో చెప్పింది.