ఇంటికి వచ్చే ఇంటర్నెట్ తీగ ఖర్చు ఎవరిది?

హౌరా జూట్ మిల్లులలో మన తెలుగు కార్మికులు తరతరాలుగా పనిచేశారు. శ్రీకాకుళం, గంజాం ప్రాంతాల నుండి పొట్ట చేతబట్టుకొని వచ్చిన ఆ కార్మికులు మగ్గాన్ని వెంట తెచ్చుకోలేదు. మగ్గం మిల్లుది, దానిని నడిపే శక్తి మిల్లుది. చెమట మాత్రమే కార్మికునిది.

నేడు అదే హౌరా సందులలో, ఇరుకు గదుల మూలన కంప్యూటరు పెట్టుకొని కంపెనీల లెక్కలు చూసేవారు, వినియోగదారుల ఫోన్లకు సమాధానం చెప్పేవారు ఉన్నారు. వారికి గదియే కార్యాలయం. వీధి స్తంభం నుండి వచ్చే ఇంటర్నెట్ తీగయే పనిముట్టు. ఆ తీగకు నెలసరి చెల్లింపు, రౌటర్ ఖరీదు, విద్యుత్ బిల్లు తరచుగా ఉద్యోగి జీతంలో నుండే పోతున్నవి. ఇది న్యాయమా అని మేము ప్రశ్నిస్తున్నాము.

"సెల్‌ఫోన్ ఉన్నది గదా, తీగ ఎందుకు?" అనేవారున్నారు. దేశంలో తొలి సెల్‌ఫోన్ సంభాషణ 1995 జులై 31న కలకత్తా నుండే జరిగిన మాట నిజమే. కాని టవర్ సామర్థ్యాన్ని పేటలోని వారందరూ పంచుకొంటారు. రద్దీ వేళ వేగం పడిపోతుంది. మందపాటి గోడలు అడ్డువచ్చినచోట వైఫై కూడ బలహీనపడుతుంది. రౌటర్ నుండి కంప్యూటరుకు నేరుగా తీగ వేసినచో ఈ బెడద తప్పుతుంది. రోజంతా లైన్‌పై ఉండవలసిన ఉద్యోగికి తీగ విలాసం కాదు, అవసరం.

2020 మే 20న, లాక్‌డౌన్ కాలంలో, అంఫాన్ తుపాను హౌరా, కలకత్తాలపై విరుచుకుపడింది. చెట్లు కూలి, స్తంభాలు ఒరిగి, తీగలు తెగినవి. అనేక పేటలకు రోజుల తరబడి విద్యుత్తు లేదు, ఇంటర్నెట్ లేదు. మిల్లులో యంత్రం చెడినచో బాగుచేయించే బాధ్యత మిల్లుది. ఇంటిలో తీగ తెగినచో ఆ పనిదినాల నష్టాన్ని ఉద్యోగి ఎందుకు భరించాలి?

తెగిన తీగను అతికించేవాడు కూడ కార్మికుడే. ఆ తుపానుకు నాలుగు నెలల ముందే, 2020 జనవరి 31న, బి.ఎస్.ఎన్.ఎల్. నుండి 78 వేలమందికి పైగా స్వచ్ఛంద పదవీ విరమణ పేరిట ఒక్కసారిగా వెళ్ళిపోయారు. స్తంభాలెక్కే పని నానాటికీ కాంట్రాక్టు కార్మికుల పాలగుచున్నది.

మా కోరిక క్రొత్తది కాదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో గృహ శ్రమపై 177వ ఒడంబడికను, దానితోపాటు 184వ సిఫారసును ఆమోదించింది. విద్యుత్తు, సమాచార సాధనాలు, పరికరాల నిర్వహణ వంటి ఖర్చులకు ఇంటినుండి పనిచేసేవారికి పరిహారం ఇవ్వాలని ఆ సిఫారసు చెబుతున్నది. ఆ ఒడంబడికను భారతదేశం ధ్రువీకరించలేదు. సేవారంగానికై 2020 డిసెంబరు 31న కేంద్రం ప్రకటించిన ముసాయిదా నిబంధనలు ఇంటినుండి పనిని యాజమాన్యం అనుమతించవచ్చునన్నవి. అనుమతి ఇవ్వడం వేరు, పనిముట్టు ఇవ్వడం వేరు.

కనుక తీగ, పరికరం, విద్యుత్తు ఖర్చులను యాజమాన్యమే భరించాలి. లైన్ తెగిన కాలానికి జీతం కోయరాదు. తీగలు వేసే కాంట్రాక్టు కార్మికులకు ఉద్యోగ భద్రత, రక్షణ పరికరాలు కల్పించాలి.

1946 జులై 29న తపాలా, తంతి ఉద్యోగులకు మద్దతుగా కలకత్తా నగరం సార్వత్రిక సమ్మె చేసింది. తీగ ఈ కొసన గదిలో ఒంటరిగా కూర్చున్న ఉద్యోగీ, ఆ కొసన స్తంభంపై నిలిచిన కార్మికుడూ ఒకే యూనియన్‌లో చేరిననాడు ఈ కోర్కెలు సాధ్యమగును. ఆ ఇద్దరినీ కలిపే బాధ్యత మనదే.