నేయి చెడుట యెవరి తప్పు?

"ఇంటి నేయి నిలువదు, డబ్బా నేయియే మేలు" అను మాట సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతములందు దుకాణములలోను, ఇండ్లలోను తఱచుగా వినవచ్చుచున్నది. ఇది అమ్మువారికి లాభమే గాని సత్యము మాత్రము కాదు. దీనిని ఖండింపక మేము ఊరకుండజాలము.

నేయి దోషియని తీర్పు చెప్పుటకు ముందు సాక్ష్యము విచారింపవలెను గదా! ఫ్రిజ్జులు పుట్టకముందు మన పెద్దలు జాడీలలో నెలల తరబడి నేయి నిలువచేసికొనిరి. అందు మంత్రమేమియు లేదు. వెన్నలో నూటికి 16 పాళ్లు, ఇంట చిలికినదైన అంతకుమించియు, నీరుండును. మజ్జిగ శేషమును ఉండును. ఈ రెంటినే సూక్ష్మజీవులు ఆశ్రయించును. సన్నని సెగను కాచినచో నీరు ఇగిరి, గసి బంగారు వన్నెకు వేగి అడుగునకు దిగును. చిటపట సద్దు అణగుటయే నీరు పోయినదనుటకు గుర్తు. 2006 నాటి ఆహార భద్రతా చట్టము క్రింది ప్రమాణములు సయితము నేతిలో నీరు నూటికి 0.5 పాలు మించరాదని విధించినవి. తొందరపడి పచ్చిగా దింపి, గసితోనే సీసాకెత్తి, పిమ్మట నేతిని నిందించుట న్యాయమా?

దించిన పిమ్మట మనము చేయు అపచారములు ఇంకను పెక్కు గలవు. తడి గరిటె ముంచుదుము; ఆ నీటిచుక్కయే కొవ్వును విడగొట్టి పుల్లని వాసన పుట్టించును. మూత తెఱచి యుంచుదుము. గాలి, వెలుతురు, వేడిమి కలిసి నేతిని కనరెక్కించును. కళాయి లేని రాగి, యిత్తడి పాత్రలలో పోయుదుము. ఆ లోహము చెడుటను త్వరపఱచును. పాత నేతి మీద క్రొత్త నేయి పోసి, పాతదాని దోషమును క్రొత్తదానికి అంటగట్టుదుము.

పాశమైలారము, బొల్లారము కార్మికవాడల రేకుల గదులలో వేసవి వేడిమి యెట్టిదో మే మెఱుగుదుము. అచ్చటి వారికి ఫ్రిజ్జు కొనుడని చెప్పుట పరిహాసము. ఫ్రిజ్జులోనుండి మాటిమాటికి వెలికి తీసిన సీసాకు చెమట పట్టి, ఆ తడి నేతిలోనికి చేరుట కూడ కద్దు. వారికి కావలసినది రెండు పాత్రలు మాత్రమే. పెద్ద జాడీని నిండుగ పోసి, మూత బిగించి, పొయ్యికి దూరముగ చీకటి మూలన ఉంచవలెను. పదిదినములకు సరిపడు నేతిని చిన్న సీసాలోనికి తీసికొని, పొడి చెంచాతో వాడవలెను. కాచునపుడు తమలపాకో, మునగాకో వేయుట మూఢాచారము కాదు. కనరును అడ్డు పదార్థములు ఆ యాకులందు కలవు. ఈ శ్రద్ధ యంతయు ఇల్లాండ్ర మీదనే వైచి, తడి చెంచా ముంచు మగవారు తప్పించుకొన జూచుట తగదు.

అయితే నిలువచేయునది ముందు నేయి కావలెను. గేదెపాలలో కొవ్వు నూటికి ఆఱేడు పాళ్లు. కిలో నేతికి సుమారు 15 లీటర్ల పాలు కావలెను. వెన్న తీసిన పాల వెలను మినహాయించి లెక్కవేసి చూడుడు. సంతలో సగము వెలకు వచ్చు "స్వచ్ఛమైన నేయి" యే పాలనుండి వచ్చినది? 1946లోనే గాంధీమహాత్ముడు వనస్పతి పేర జరుగు మోసమును హరిజన పత్రికలో ఖండించియుండెను. తరువాత, కల్తీ పట్టువడుటకై వనస్పతిలో నూటికి 5 పాళ్లు నువ్వులనూనె కలుపవలెనని శాసించిరి. ఆమ్లము, పంచదార కలిపి కదపిన ఎఱుపు దేలుట ఆ నువ్వులనూనె గుర్తే. కాని పామాయిలో, పశువుల కొవ్వో కలిపినవానిని ఆ పరీక్ష పట్టజాలదు. కావున ఇంటి పరీక్షలను నమ్మి యూరకుండరాదు.

మఱియొక మాట. ఈ ప్రాంతమున పాడి యేల సన్నగిల్లినది? కార్ఖానాల మురికినీరు నక్కవాగున పడి మంజీరకు పోవుచున్నదనియు, పొలములు, పశువులు నష్టమైనవనియు గ్రామస్థులు మొఱపెట్టగా, 1990లో వ్యాజ్యము సుప్రీంకోర్టు వఱకు పోయెను. వాగును విషము చేసి, మేతను పాడుచేసి, పిదప పాడి లేదని డబ్బాలను అమ్మజూచుట యే ధర్మము?

కావున మేము కోరునది మూడు సంగతులు. ఆహార తనిఖీ అధికారులు పండుగలనాడే గాక ప్రతి నెలయు సంతలలో నమూనాలు తీసి, ఫలితములను బహిరంగముగ ప్రకటింపవలెను. దుకాణదారులు నేతి సీసాలను ఎండలో బారులు తీర్చుట మానవలెను. గ్రామముల పాడికి శుభ్రమైన నీరు, మేత దక్కవలెను. మొదటిది ప్రభుత్వము చేయవలసినది, రెండవది వర్తకుడు చేయవలసినది, మూడవది యెల్లరము పోరి సాధింపవలసినది. పొడి చెంచా మాత్రము నేడే మన చేతిలో నున్నది.