సాగర్ దారిలో బిల్లు ఇప్పించండి

గౌరవనీయులైన నల్గొండ జిల్లా కలెక్టర్ గారికి,

కృష్ణకు వరదొచ్చి నాగార్జునసాగర్ డ్యామ్ గేట్లు ఎత్తారంటే నందికొండ దారిలో కార్లు బారులు తీరతాయి. హైదరాబాద్ నుంచి సుమారు 150 కిలోమీటర్లు. ఆ కార్లలో ఏదో ఒకటి వేడెక్కి ఆగుతుంది.

బానెట్ ఎత్తితే ఆవిరి. పగిలింది రబ్బరు పైపు ఒక్కటే కావచ్చు. మెకానిక్ ‘రేడియేటరే పోయిందన్నా’ అంటే, ఊరు కాని ఊళ్లో పిల్లలతో ఉన్నవాళ్లు ఏం చేస్తారు? చివరికి చేతికొచ్చేది చిత్తు కాగితం మీద ఒక్క అంకె. ఏ పార్టు మార్చారో, మజూరీ ఎంతో అందులో ఉండదు. విప్పిన పాత పార్టు కంటికి కనబడదు.

మెకానిక్కులంతా మోసగాళ్లు కారు. ఎండలో కారు కింద దూరి నిజాయితీగా పనిచేసేవారికీ రాతపూర్వక బిల్లే రక్ష.

2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం చేసిన పనికి బిల్లు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. బాధితులు తాము ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయొచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయల లోపైతే రుసుము కూడా లేదు. కాగితమే లేకపోతే రుజువేది?

ఈ దారిలోని ప్రతి మెకానిక్ షెడ్డు ముందు మజూరీ రేట్లు, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరు రాసిన బోర్డు పెట్టించండి. పనికి ముందే అంచనా రాసివ్వాలని, పాత పార్టు యజమానికే అప్పగించాలని చెప్పించండి. ఈసారి గేట్లు ఎత్తేలోపే ఇది జరిగేలా చూడండి.